ఎదిగిన బిడ్డ, ఎదగని తట్టువ

బ్రిటను దేశమున గ్రామసీమల నివసించు కుటుంబములలో, ముఖ్యముగ కొంచెమో గొప్పో పచ్చికబయలు గలవారి యిండ్లలో, బిడ్డకు అయిదారేండ్ల ప్రాయము వచ్చునప్పటికి స్వారి నేర్చుకొనుటకై ఒక తట్టువను సమకూర్చుట చాలకాలముగ వచ్చుచున్న ఆచారము. పోనీ యని వారు పిలుచు ఈ పొట్టిజాతి గుఱ్ఱమును మనలో ననేకులు గుఱ్ఱపుపిల్ల యనుకొందురు గాని యది సరికాదు. పూర్ణవయస్సు వచ్చి, ముదిమి పైబడినను దాని యెత్తు అంతియే. గుఱ్ఱముల యెత్తును ఆ దేశస్థులు నేటికిని ‘హ్యాండు’ అను మానముతో కొలుచుచున్నారు. హ్యాండు అనగా నాలుగంగుళములు. మూపు మొదలుకొని నేలవఱకు పదునాలుగు హ్యాండ్ల రెండంగుళములు, అనగా 148 సెంటీమీటర్లు, మించనిది పోనీ, మించినది గుఱ్ఱము. ఈ పోనీలలో మరల ఎన్ని తెగలు! నలువదిరెండంగుళములు దాటని షెట్‌లండు తట్టువ మొదలుకొని, పండ్రెండు హ్యాండ్లకు లోబడిన వేల్సు కొండతట్టువ, డార్ట్‌మూరు, ఎక్స్‌మూరు బీళ్ళలో పెరుగునవి, న్యూఫారెస్టు అడవిలో మేయునవి, ఐర్లండు పడమటి తీరమునుండి వచ్చు కొనెమారా వఱకు, పసివాని మొదలు పదునైదేండ్ల పడుచువాని వఱకు ఎవరికి తగిన తట్టువ వారికి లభించును.

ఇట్లు తగినదానిని వెదకి కొన్నందువలననే చిక్కు పుట్టుచున్నది. తట్టువ యెత్తు మాఱదు. బిడ్డ యెత్తు ఏటేట మాఱును. ఏడేండ్ల వయస్సున దానిపై నెక్కి, జీనుపై సరిగ కూర్చుండుట, కళ్ళెపు పగ్గములను మెత్తగ పట్టుట, క్రిందపడి లేచి మరల నెక్కుట నేర్చిన బాలిక, పండ్రెండేండ్లు వచ్చునప్పటికి రికాబుతోలు ఎంత దించినను కాళ్ళు తట్టువ కడుపుక్రిందికి వ్రేలాడ, దానికిని భారము, తనకును ఇబ్బంది యగు స్థితికి వచ్చును. స్వారిచేయువారి బరువు, జీనుతో కూడ, తట్టువ బరువులో అయిదవవంతు మించరాదని ఆ దేశమున సామాన్యముగ చెప్పుకొను లెక్క. ఈ గీత దాటిన పిమ్మట మమకారముచేత దానిపైననే స్వారిచేయించుట ఆ మూగజీవి వెన్నెముకకు అపకారము చేయుటయే. కావున పెద్ద తట్టువను తెచ్చుటయు, ఉన్నదానిని మఱియొక బిడ్డకు అప్పగించుటయు అనివార్యము. ఇచటనే ఆ తలిదండ్రుల కెదురగు ప్రశ్న, ఈ వ్యాసమునకు విషయము: దీని కెంత వెల చెప్పుట న్యాయము?

బిడ్డకు పొట్టియైన చొక్కా పెట్టెలోనికి పోవును. ఎవరికైన ఇచ్చినను పాతబట్టగనే ఇత్తుము. తట్టువవిషయమున ఈ భావము మనసున జొరనీయరాదు. మొదట దానిని కొన్ననాడు అది ఆరేండ్లది. రహదారిపై ట్రాక్టరు ఎదురైన బెదరినది. పసిబిడ్డ చేతి తడబాటును సహింపనేరక తల విదిలించినది. ఇప్పుడది పండ్రెండేండ్లది, ఎన్నో పోటీలు చూచినది, లారీలో ఎక్కుట, దిగుట, క్రొత్తచోట రాత్రి గడపుట దానికి పరిపాటి, బిడ్డ జాఱుచున్న దని తెలిసి తనంతట నిలుచుట నేర్చినది. బిడ్డ నేర్చిన విద్య యెంతయో తట్టువ నేర్చిన విద్యయు నంతయే. అందుచేత ఎదిగిన బిడ్డ విడిచిన తట్టువ వెల, పెక్కుమార్లు కొన్ననాటి వెలకు తగ్గదు సరికదా, మించియుండును. ఈ సంగతి తెలియక కొందఱు ‘ఎట్లును మాకు పనికిరాదు గదా’ యని చౌకగ తెగనమ్ముదురు. ఈ సంగతి మితిమీఱి తెలిసిన కొందఱు, తమ బిడ్డ గెలిచిన బహుమానపు రిబ్బనుల నన్నిటిని వెలలో కలిపి, కొనువారి మనస్సు విఱుగగొట్టుదురు.

వెలను నిర్ణయించు గుణములలో అగ్రస్థానము అందమునకు కాదు, వంశమునకు కాదు, స్వభావమునకు. పసివారికి తగిన తట్టువలను ఆ దేశపువారు రెండు మెట్లుగ చూతురు. పెద్దవారు ప్రక్కన నడచుచు పగ్గము పట్టి నడిపింపగ, పైన బిడ్డ కూర్చుండునట్టిది మొదటిమెట్టు. పగ్గము విడిచిన పిమ్మట బిడ్డ తానుగ మొదటిసారి స్వారిచేయుటకు నమ్మదగినది రెండవమెట్టు. ఈ రెండవమెట్టు తట్టువలు, నిజముగ నమ్మదగినవి, చాల కొలది. పులిని చూచి బెదరనిది దొరకవచ్చును గాని, వెనుకనుండి ఆకస్మికముగ రివ్వున వచ్చు సైకిలును, గాలికి లేచు ప్లాస్టికు సంచిని చూచి బెదరనిది దొరకుట కష్టము. తన ఒక్కగానొక్క బిడ్డను ఎక్కించు తల్లి తట్టువ ముఖముపైని తెల్లచుక్క సొగసును గాక, దాని కడుపులోని శాంతమును కొనుచున్నది. ప్రదర్శనలలో నడుపు సొగసరి తట్టువల వెల యొక ప్రత్యేకలోకము. దానిని ఇచట విడిచిపెట్టుదును. 1929వ సంవత్సరమున స్థాపింపబడి నేటికిని గ్రామగ్రామమున శాఖలు గల పోనీక్లబ్బులో కొన్నియేండ్లు బిడ్డతోగూడ శిక్షణ పొందిన తట్టువ అనుటయే, కొనువారికి ఒక భరోసా.

స్వభావము తరువాత వయస్సు. పోనీలు దీర్ఘాయువులు, ఇరువదియైదేండ్లు, ముప్పదియేండ్లు బ్రదుకుట అరుదు కాదు. ఎనిమిదేండ్లనుండి పదునాలుగేండ్ల వఱకు వెలలో ఉచ్చదశ యనవచ్చును. నాలుగేండ్ల లేతదానిని పసిబిడ్డ కొఱకు కొనువాడు ఇద్దఱు పసివారిని ఒకచోట కట్టివేసినవాడగును. పదునాఱు దాటిన పిమ్మట వెల మెల్లమెల్లగ దిగును; అయినను ఇరువదేండ్ల తట్టువ, కీళ్ళు బాగున్నచో, మొదటిమెట్టు బిడ్డకు దానిని మించిన గురువు లేదు.

వయస్సును చెప్పునది పాస్‌పోర్టు. ఆ దేశమున ప్రతి గుఱ్ఱమునకు, తట్టువకు, గాడిదకు సయితము పాస్‌పోర్టు ఉండితీరవలయును. ఇంగ్లండులో 2020 అక్టోబరు నుండి వయస్సుతో నిమిత్తము లేకుండ దాదాపు అన్నిటికిని మెడలో మైక్రోచిప్పు నిర్బంధము. కాని కొండబీళ్ళలో స్వేచ్ఛగ పుట్టి, తరువాత పాస్‌పోర్టు పొందినదాని విషయమున అందులో వ్రాసిన వయస్సు ఊహామాత్రము కావచ్చును. అప్పుడు మన సంతలలో ఎద్దు పండ్లు చూచినట్లే అచటను పండ్లు చూతురు. పశువైద్యుడు తట్టువ ముక్కుప్రక్క నిలిచి, ఎడమచేతి బొటనవ్రేలితో పైపెదవిని మెల్లగ ఎత్తి, ముందుపండ్ల వరుసలో చివరిదైన మూలపన్నును పరీక్షించును. ఆ పంటిపై, చిగురుదగ్గఱ, సుమారు పదవయేట సన్నని గోధుమరంగు చార యొకటి మొదలగును. దానిని గాల్వేను చార యందురు. పదునైదవయేటికి అది పంటిలో సగము దిగును; ఇరువదవయేటికి పంటి చివర ముట్టును; అటుపిమ్మట పైనుండి మాయుచు, ముప్పదవయేటికి పూర్తిగ అదృశ్యమగును. ఇది ఖచ్చితమైన లెక్క కాదని వైద్యులే చెప్పుదురు. అయినను తొమ్మిదేండ్ల దని చెప్పి తెచ్చిన తట్టువ పంటిపై సగమువఱకు దిగిన చార కనబడినప్పుడు, అమ్మువాని మాటకును పంటి మాటకును గల తేడా వెలలోనికి రాక తప్పదు.

వన్నెవిషయమున ఒక ముక్క. మన పూర్వులకు అశ్వలక్షణశాస్త్రమున అభినివేశ మెక్కువ. మనుమంచిభట్టు వంటి కవులు తెలుగున పద్యములలో గుఱ్ఱముల లక్షణములను వర్ణించిరి. ఏ అంగమున సుడి యున్న శుభము, ఎచట నున్న అశుభము అను విచారము ఆ శాస్త్రమున ప్రధానము. పశువుల సంతలలో నేటికిని సుడులు చూచి బేరమాడువారు కలరు. బ్రిటను తట్టువ పాస్‌పోర్టులోను ఆ సుడులు కలవు! అందు ముద్రించిన గుఱ్ఱపు రేఖాచిత్రముపై, నుదుటి సుడి యెక్కడ, మెడపై సుడి యెక్కడ అని పశువైద్యుడు గుర్తులు వేయును. కాని యచట సుడి అదృష్టమునకు గాక ఆనవాలుకు సాక్షి. ఒకే వన్నెగల రెండు తట్టువలను వేఱుచేసి చూపునది. సుడినిబట్టియు, వన్నెనుబట్టియు ఒక్క పౌను హెచ్చించుట గాని తగ్గించుట గాని న్యాయము కాదని నా నిశ్చితాభిప్రాయము. వన్నెకు వెల హెచ్చుగ నిచ్చువా రున్నారు. వారి ఇష్టము వారిది.

ఇక వెలను తగ్గించునవి రోగములు, దుర్గుణములు. ఇవియే అమ్మువాని చిత్తశుద్ధికి పరీక్షాస్థానములు. తట్టువలకు తఱచుగ వచ్చు వ్యాధులలో లామినైటిస్‌ అను గిట్టవ్యాధి ఘోరమైనది. ఎండిన కొండబీళ్ళలో గడ్డిపోచ పోచ ఏఱుకొని బ్రదుకుటకు పుట్టిన ఈ జాతులకు, వసంతమున పాలుగాఱు పచ్చిక మేతయే విషమగును. ఆ గడ్డిలోని చక్కెర మితిమీఱినప్పుడు గిట్టలోపలి సుకుమారమైన పొర వాచి, లోపలి యెముకను గిట్టగోడకు పట్టియుంచు బంధము సడలును. ఒక్కసారి వచ్చినది మరల వచ్చుటకు ఎంతయో అవకాశము. నిప్పులపై నడచినట్లు ముందరికాళ్ళను ముందుకు చాచి, బరువంతయు మడమలపై నుంచి నిలుచు తట్టువను చూచినవారు ఆ బాధను మఱవలేరు. వ్యాధి నయమైన తరువాత కాలికుంటు కనబడదు. కాని గిట్టను చేతులలోనికి తీసికొని వెలుతురున చూచినచో, గిట్టగోడపై వలయములు ముందువైపు దగ్గఱ దగ్గఱగను, మడమవైపు ఎడమెడముగను విసనకఱ్ఱ ఆకృతిని సాగియుండును. ఆ వలయములు ఆ తట్టువ రహస్యచరిత్రము. రెండవది వేసవిని సన్నదోమల కాటువలన పుట్టు దురద. స్వీట్‌ ఇచ్‌ అని దాని పేరు. జూలు, తోకమొదలు రాచుకొని రాచుకొని పుండ్లుపడును. శీతకాలమున అమ్మినచో ఏ చిహ్నమును కనబడదు! అందుచేత జనవరిలో అమ్మువాడు జూలైలో ఏమగునో చెప్పుట ధర్మము.

దుర్గుణము లన్నియు సమానములు కావు. లాయపు తలుపు అంచును పండ్లతో పట్టి గాలి మ్రింగుట, నిలిచినచోటనే అటునిటు ఊగుట, ఇవి దినమంతయు లాయమున బంధించుటచే తఱచు పుట్టు అలవాట్లు. బయట మేయు తట్టువకు వీనివలన పెద్ద నష్టము లేదు. వెలలో కొంచెము తగ్గించి, ఉన్నమాట చెప్పిన చాలును. కాని పసివాని కొఱకు అమ్ముదానికి కఱచుట, తన్నుట, స్వారిలో వెనుకకాళ్ళు ఎగురవేసి క్రిందపడవేయుట ఉన్నచో, అది వెల తగ్గించి సరిపెట్టుకొను లోపము కాదు. అట్టిదానిని పసివాని తట్టువగ అమ్మనే రాదు. నేర్పుగల యువకుని కొఱకు, ఆ లోపమును పేర్కొని, వేఱు వెలకు అమ్మవలయును.

చాలమంది కొనువారు తమ పశువైద్యునిచేత పరీక్ష చేయింతురు. పూర్ణపరీక్షకు అయిదు అంచెలు: మొదట నిలువబెట్టి కన్ను, గుండె, పండ్లు, గిట్టలు చూచుట, పిమ్మట పగ్గము పట్టి నడిపించి, మన పూర్వులు ధౌరితకమన్న మధ్యమగతిని నడిపించుట, తరువాత స్వారితో శ్రమపెట్టుట, కొంతసేపు విశ్రమింపజేసి మరల చూచుట, చివరకు మరల నడిపించుట. కాలిని మడిచి కొంతసేపు పట్టి, విడువగనే పరుగెత్తించి, కుంటునేమో యని గమనించుటయు కలదు. మొదటి రెండంచెలతో ముగించు చిన్నపరీక్షయు కలదు. రక్తము తీసి సుమారు ఆఱునెలలు భద్రపఱతురు. ఎందుకనగా, బెదరుగొట్టు తట్టువకు మందిచ్చి, కుంటుదానికి నొప్పిమాత్ర లిచ్చి, సాధువుగను స్వస్థముగను చూపు వంచకులు ఆ వ్యాపారమున లేకపోలేదు. తరువాత అనుమానము కలిగినచో ఆ రక్తమే సాక్ష్యము చెప్పును. ఈ పరీక్షకు అడ్డుచెప్పని అమ్మకందారు మాటకు సహజముగనే విలువ హెచ్చును.

వెలలో చేర్పరాని వ్యయములను గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలయును, ఏలయన గృహస్థులు పొరబడుట ఇచటనే. ఆఱేడువారముల కొకసారి లాడములు కొట్టించితిమి, శీతకాలములలో ఎండుగడ్డి కొంటిమి, దుప్పట్లు కప్పితిమి, ఉపాధ్యాయురాలికి రుసుము ఇచ్చితిమి అని లెక్కకట్టి, ఆ మొత్తమును కొనువానిపై మోపజూతురు. ఆ వ్యయమునకు ప్రతిఫలము తమ బిడ్డ అనుభవించిన యేండ్లే. కొనువాడు ఇంకమీదట తాను పెట్టు వ్యయమునకు సిద్ధపడుచున్నాడు గాని గడచినదానికి కాదు. జీను, కళ్ళెము వేఱుగ లెక్కింపవలసినవి. జీను ఆ తట్టువ వెన్నుకు సరిపడి చక్కగ నున్నచో దానికి వేఱుగ వెల చెప్పుట మేలు. తట్టువ బలిసినను చిక్కినను జీను సరిపడదు గనుక, దానిని కొనుట కొనువాని ఇష్టమునకు విడువవలయును.

మఱి అంకె ఎట్లు వచ్చును? ఆ దేశమున తట్టువల వెలలలో నేలకును నింగికిని ఉన్నంత అంతరము కలదు. డార్ట్‌మూరు బీడుభూములలో పుట్టి, మనుష్యస్పర్శ యెఱుగని పిల్లలు శరత్కాలపు వేలములలో పట్టుమని ఇరువది పౌనులైన పలుకకపోవుట కలదు. అదే జాతికి చెందినది, ఎనిమిదేండ్లు మంచిచేతులలో పెరిగి, పసిబిడ్డను నమ్మి అప్పగింపదగినదైనప్పుడు కొన్నివేల పౌనులు పలుకును. ఈ రెంటినడుమ నున్న అంతరమంతయు మనుష్యుడు దానియందు పెట్టిన ఓర్పునకు వెల. కావున అమ్మువాడు చూడవలసినది జాతిపేరు కాదు, పోలిక. తన తట్టువ యెత్తు, వయస్సు, అనుభవము గలవి ఇటీవల నిజముగ ఎంతకు చేతులు మాఱినవో స్వారి నేర్పువారిని, లాడములు కొట్టువానిని, పోనీక్లబ్బు పెద్దలను అడుగవలయును. ప్రకటనలలోని అంకెలు అడిగిన వెలలు మాత్రమే. నెలలతరబడి ప్రకటనలో నిలిచియున్న వెల, అది అమ్ముడుపోని వెల యని మనకు చెప్పుచున్నది.

ఒక ఉదాహరణము ఊహింతము. పండ్రెండు హ్యాండ్ల వేల్సు తట్టువ, వయస్సు పదుమూడు, రహదారిపై నెమ్మదిగలది, చిన్నచిన్న దుముకులు దుముకునది. దానివంటివి ఆ ప్రాంతమున మూడున్నర వేలనుండి నాలుగున్నర వేల పౌనుల నడుమ అమ్ముడుపోయిన వనుకొందము. దీనికి మూడేండ్లక్రింద ఒకసారి లామినైటిస్‌ వచ్చి తగ్గినది. ఇకముందు కొనువాడు ప్రతివసంతమున మేతను కొలిచిపెట్టవలయును, చిన్న ఆవరణలో కట్టివేయవలయును, వైద్యుని పిలువవలసి రావచ్చును. అట్లయిన నాలుగున్నర వేలు అడుగుట అత్యాశ. మూడువేలకు అటునిటు చెప్పి, వ్యాధిసంగతి ప్రకటనలోనే వ్రాసి, వైద్యుని కాగితములు చూపుట న్యాయము. ఋతువును కూడ లెక్కలోనికి తీసికొనవలయును. బడిసెలవులకు ముందు, వసంతకాలమున, తట్టువల కొఱకు వెదకు తలిదండ్రు లెక్కువ. శరత్తు వచ్చునప్పటికి శీతకాలపు గడ్డివ్యయము తప్పించుకొనుటకు అమ్మజూపువా రెక్కువ. బేరమునకై కొంచెము చోటుంచుట తప్పు గాదు. పదింట ఒకవంతు మించి ఉంచుట మాత్రము, తన మాటను తానే నమ్మనట్లు కనబడును. ఈ సందర్భమున ఒక ముచ్చట: ఇంగ్లండులోని పాత గుఱ్ఱపు వేలములలో, 1766లో నెలకొనిన టాటర్సాల్సు వంటి సంస్థలలో, నేటికిని వెల గినీలలోనే పలుకును. గినీ అనగా ఒక పౌను అయిదు పెన్నీలు. ఆ పై అయిదుపెన్నీలు వేలముపాటవానికి ముట్టు రుసుముగ వాడుకలోనికి వచ్చినవి. మనవైపు పశువుల సంతలలో తువ్వాలుక్రింద వ్రేళ్ళు పట్టుకొని దళారులు వెల కుదుర్చుకొను పద్ధతితో పోల్చిన, ఇంటి తట్టువ అమ్మకము సమస్తము బహిరంగముగ సాగవలసినది.

గుఱ్ఱమునకు న్యాయమైన వెల యను విచారము తెలుగువారి చరిత్రలోను గొప్పస్థానము వహించినది. విజయనగర ప్రభువులకు మేలిగుఱ్ఱములు సముద్రముపై ఆర్ముజు మొదలగు రేవులనుండి రావలసియుండెను. కొన్నాళ్ళు విజయనగరమున నుండి, గుఱ్ఱముల వ్యాపారము నెఱిగిన పోర్చుగీసువాడు ఫెర్నావ్‌ నూనిజ్‌ వ్రాసినదానినిబట్టి, సాళువ నరసింహరాయలు పర్దావు లను నాణెములు వేయింటికి మూడు గుఱ్ఱముల చొప్పున కొనుచు, దారిలో సముద్రముపై చచ్చినవాని తోకలను తెచ్చి చూపినను, బ్రదికినవానికి వలెనే వెల చెల్లించెను. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుచు, ద్వీపాంతరములనుండి ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు వర్తకులకు ఊళ్ళు, మంచి యిండ్లు, కొలువున గౌరవము, మేలైన వెల యిచ్చి, వారి సరకు శత్రువుల చేరకుండ చూచుకొనవలయునని ఉపదేశించెను. రాజుల యవసరము యుద్ధము. తలిదండ్రుల యవసరము బిడ్డక్షేమము. కాని ఆ నీతిలోని సారమొకటి రెంటికిని చెల్లును: వెల అనునది ఆ దినపు లావాదేవితో తీరిపోవునది కాదు. వెనుక నున్న సంబంధమును అది నిలుపును, లేదా చెఱచును.

వెల మితిమీఱి తగ్గించుటలో ఒక ప్రమాదము కలదు. మంచి తట్టువ చౌకగ వచ్చుచున్న దన్న వార్త ముందుగ చేరునది పసిబిడ్డల తల్లికి గాదు, వ్యాపారికి. అతడు మఱునాడే వచ్చి, రొక్కమిచ్చి, మరల రెట్టింపు వెలకు ఎవరికో అమ్మును. అందులో చట్టవిరుద్ధ మేమియు లేదు గాని, దాని జబ్బు, దాని భయములు, దాని యిష్టములు తెలిసినవారితో సంబంధము ఆనాటితో తెగును. 1877లో ప్రచురింపబడిన ఆన్నా సూయెల్‌ నవల బ్లాక్‌ బ్యూటీలో కథానాయకమైన గుఱ్ఱము చేతులు మాఱి మాఱి దుర్దశ పాలగును. మెరీలెగ్స్‌ అను తట్టువను మాత్రము యజమాని అమ్మక, ఎన్నడును అమ్మరాదను షరతుపై మతాచార్యున కప్పగించును. నేడును కొందఱు అమ్మకపు కాగితమున ‘మరల అమ్మదలచినచో మొదట మాకే చెప్పవలయును’ అని వ్రాసికొందురు. వ్రాసికొనుట మంచిదే, కాని తట్టువ మూడవచేతికి పోయిన పిమ్మట అట్టి షరతును అమలుపఱచుట చాల కష్టము. తట్టువ భవిష్యత్తును గూర్చి గాఢమైన బెంగ కలవారికి, స్వామ్యము తమవద్దనే ఉంచుకొని, వ్రాతపూర్వకమైన ఒప్పందముపై వేఱొక కుటుంబమునకు ఎరువిచ్చు పద్ధతి కలదు. అట్లు చేసినచో వెల రాదు, బాధ్యత పోదు. దానికి సిద్ధపడినవారికే అది తగును.

చట్టము ఏమనును? వ్యాపారి అమ్మినచో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టము ప్రకారము తట్టువ సంతృప్తికరమైన స్థితిలో, చెప్పిన పనికి తగినదై యుండవలయును. గృహస్థుడు అమ్మినచో అంత భారము లేదు; కొనువాడే జాగ్రత్తపడవలయును. అయితే చెప్పిన వర్ణనకు తట్టువ సరిపోవలయును. అబద్ధము చెప్పి కొనిపించినచో 1967 నాటి తప్పుడు కథనముల చట్టము క్రింద కొనువాడు పరిహారము కోరవచ్చును. ‘అసలు బెదరనే బెదరదు’ అని వ్రాయుటకు ముందు అమ్మువాడు ఒక్క క్షణము ఆగుట మేలు. ‘ట్రాక్టరునకు, బస్సునకు బెదరదు, ఎగురు పిట్టలకు ఒక్కొక్కసారి ప్రక్కకు తొలగును’ అని వ్రాసినచో, అది నిజము, అదియే రక్షణ.

కొనువారు చూడవచ్చునాడు తట్టువను ముందుగనే కడిగి, జీనువేసి, నాలుగు చుట్లు త్రిప్పి అలయింపజేసి ఉంచుట పాతమోసము. న్యాయముగ అమ్మదలచినవారు వారు వచ్చిన తరువాతనే బయలునకు పోయి, వారి కన్నులయెదుట పట్టుకొనివచ్చి, గిట్టలు ఎత్తి శుభ్రపఱచి, జీనువేయుదురు. పట్టుకొనబోవ పాఱిపోవు తట్టువ యెంత సాధువైనను, బడిదినములలో తొందరపడు గృహమునకు అది తలనొప్పి. తరువాత ఇంటిబిడ్డ పొడుగుగనున్నను ఒక్కసారి ఎక్కి చూపవలయును. అటుపైని వచ్చిన బిడ్డ ఎక్కవలయును. ఇచట అమ్మువారికొక హక్కు కలదు, దానిని మొగమాటముచేత వదలుకొనరాదు. వచ్చిన బిడ్డ చేతులు కఠినములై, తలిదండ్రులు ‘కొట్టు, కొట్టు’ మని అరచుచున్నచో, వెల ఎంత పలికినను అమ్మనని చెప్పవచ్చును.

బేరము కుదిరిన తరువాత బయానాకు రశీదు, అమ్మకమునకు రెండు ప్రతుల కాగితము, అందులో తెలిసిన లోపములన్నియు, ఇరువురి సంతకములు ఉండవలయును. తట్టువతోగూడ పాస్‌పోర్టును చేతికియ్యవలయును. పాస్‌పోర్టు లేక అమ్ముట నేరము. క్రొత్త యజమాని ముప్పదిదినములలో తన పేరు దానిలో నమోదు చేయించుకొనవలయును. వీనితోపాటు ఒక చిన్న కాగితము కూడ జతచేయుడని అమ్ము తలిదండ్రులను కోరుచున్నాను: ఏ మేత ఎంత, ఏ కాలమున ఏ జాగ్రత్త, ఎచట గోకిన సంతోషించును, లాడములు కొట్టువాని యెదుట ఏ కాలు ఎత్తుటకు మొరాయించును. దీనిని బిడ్డచేతనే వ్రాయింపుడు. అన్నియేండ్లు దానిని పెంచినది ఆ బిడ్డయే గదా.

ఇద్దఱు కొనువారు వచ్చి, ఒకరు మూడువందల పౌనులు హెచ్చుగ నిత్తుమనగ, వేఱొకరు తక్కువ చెప్పినను వారి బిడ్డ తట్టువ మెడపై చేయివేసి నెమ్మదిగ నిలిచినచో, రెండవవారికే ఇండు. ఆ మూడువందలు నష్టము కాదు; న్యాయమైన వెలలో అదియు ఒక భాగమే.